పేపర్ మడతలో కొవ్వు కరిగించే పాంప్లెట్లు

సంపాదకుడు గారికి నమస్కారం.

ఈ మధ్య మా పాలకొల్లు వైపు పొద్దున్నే పేపర్ విప్పితే ముందు కింద పడేది పసుపురంగు పాంప్లెట్. పొట్టతో ఒక ఫోటో, పొట్ట లేకుండా ఇంకో ఫోటో, అడుగున సెల్ నంబరు. ‘అన్నం ఎంతైనా తినండి, నూనె చుక్క ముట్టకండి, మా పొడి వేసుకుంటే కొవ్వంతా చెమటలో కరిగిపోతుంది’ అని పెద్దక్షరాలు. డబ్బా రెండు వేల చిల్లర. ఇది మీరు అచ్చేసింది కాదని, ఏజెంటు దగ్గర మడతలో పెడతారని నాకు తెలుసు, కానీ చదివేవాళ్లకి ఆ తేడా ఎలా తెలుస్తుంది? మా మెడికల్ షాపుకి పట్టుకొచ్చి ‘ఆయ్, పేపర్లోనే వచ్చిందండి’ అంటున్నారు.

అందులో ఒక్క ముక్కా నిజం లేదు. అన్నం సంగతే చూడండి. అరిగి గ్లూకోజ్ అవుతుంది, అప్పటికి కావలసింది ఒళ్లు వాడుకుంటుంది, కొంత గ్లైకోజెన్‌గా కాలేయంలో, కండరాల్లో దాచుకుంటుంది. అక్కడ పట్టేది కొద్దిగానే. ఆ చోటు నిండాక కూడా రోజూ మిగులుతూనే ఉంటే, కాలేయం దాన్ని రెండేసి కార్బన్ల ముక్కలుగా తీసుకుని ఒకదానికొకటి అతికించుకుంటూ పోయి 16 కార్బన్ల పామిటిక్ యాసిడ్ అనే ఫ్యాటీ యాసిడ్ (కొవ్వుకి ముడిసరుకు) తయారుచేస్తుంది. అక్కడే పేరుకుంటే ఫ్యాటీ లివర్. మితంగా తినేవాళ్లలో ఈ తయారీ తక్కువే జరుగుతుంది, కానీ మూడు పూటలా అన్నం, మధ్యలో రెండు పూతరేకులు, సాయంత్రం కూల్ డ్రింకు అయితే నూనె మానేసి ఏం లాభం? పైగా నూనె పూర్తిగా మానడమూ తప్పే. లినోలిక్, ఆల్ఫా లినోలెనిక్ అనే రెండు ఫ్యాటీ యాసిడ్లు మన ఒళ్లు సొంతంగా చేసుకోలేదు, తిండిలోంచే రావాలి.

ఇక కరగడం. ఒంట్లో దాచిన కొవ్వులోంచి ఫ్యాటీ యాసిడ్లు విడిపోయి రక్తంలో కండరాలకు చేరతాయి. అక్కడ కణాల్లో శక్తి తయారయ్యే చోటైన మైటోకాండ్రియాలోకి వాటిని దాటించడానికి కార్నిటైన్ అనే పదార్థం కావాలి. లోపలికి వెళ్లాక మళ్లీ రెండేసి కార్బన్ల చొప్పున తెగుతాయి, పామిటిక్ యాసిడ్ అయితే 7 సార్లు తెగి 8 ముక్కలు. ఆ ముక్కలు ఆక్సిజన్‌తో మండితే వచ్చే శక్తి ఏటీపీ అనే పదార్థం రూపంలో నిలుస్తుంది, కణాలు ఏ పనికైనా దాన్నే ఖర్చు పెడతాయి. ఈ ఏటీపీని 1929లో అమెరికాలో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి కనిపెట్టింది మన భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారే (జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది విడిగా కనిపెట్టాడు). అలాంటాయన పుట్టిన గడ్డ మీద ఈ పొడులు అమ్ముడుపోతున్నాయంటే నాకు ఒళ్లు మండుతోంది.

మండాక మిగిలేది కార్బన్ డయాక్సైడూ నీళ్లూ. 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్క కట్టి చూపించారు: 10 కిలోల కొవ్వు కరిగితే 8.4 కిలోలు ఊపిరిలోనే పోతుంది, మిగతాది నీరు. చెమటలో కొవ్వు పోవడం అనేది లేదు.

అతికించే పనీ, తెంచే పనీ ఒకేసారి జరగకుండా ఒంట్లో ఏర్పాటు ఉంది. మన కాలవల మీద లాకుల్లాగా, ఒక గేటు తీస్తే రెండోది మూసే ఉంటుంది. కడుపు నిండా తిన్నాక ఇన్సులిన్ పెరుగుతుంది, తయారీ మొదలవుతుంది, ఆ తయారీలో పుట్టే మలోనైల్ కోఎంజైమ్ ఎ అనేదే ఫ్యాటీ యాసిడ్లు మైటోకాండ్రియాలోకి పోయే దారి మూసేస్తుంది. కాబట్టి ‘అన్నం ఎంతైనా తినండి, కొవ్వు కరుగుతుంది’ అన్నది పూర్తిగా తలకిందుల మాట.

నాకు అసలు టెన్షన్ వేరే ఉంది. పాంప్లెట్ అడుగున చిన్నక్షరాల్లో ‘షుగర్ మందులు కూడా మానేయవచ్చు’ అని ఉంది. ఇన్సులిన్ మీదే నడిచే షుగర్ పేషెంటు దాన్ని నమ్మి ఆపేస్తే కొవ్వు నిజంగానే కరుగుతుంది, అదుపు లేకుండా కరుగుతుంది. అలా విడిపోయిన ఫ్యాటీ యాసిడ్లను కాలేయం కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలుగా మార్చి రక్తంలోకి వదులుతుంది, రక్తం ఆమ్లంగా మారి మనిషి కోమాలోకి పోతాడు. వెంటనే ఆస్పత్రిలో పడకపోతే ప్రాణం దక్కదు.

చట్టం లేక కాదు. 1954 నాటి అభ్యంతరకర ఔషధ ప్రకటనల చట్టం కింద, ఫలానా జబ్బులు నయం చేస్తామని మందుకు ప్రకటన ఇవ్వకూడదని ఒక జాబితా ఉంది, అందులో షుగరూ ఉంది, స్థూలకాయమూ ఉంది. ‘ఇది మందు కాదు, ఫుడ్ సప్లిమెంట్’ అని తప్పించుకుంటే 2018లో వచ్చిన ఆహార ప్రకటనల నిబంధనలు ఉన్నాయి. మరి ఔషధ నియంత్రణ శాఖ వాళ్లు, ఆహార భద్రత అధికారులు ఆ సెల్ నంబరుకి ఒక్క ఫోన్ చేస్తే అమ్మేవాడు దొరకడా?

మీరు చేయగలిగింది కూడా ఉంది. మందులు, పొడుల పాంప్లెట్లు మడతలో పెట్టొద్దని మీ ఏజెంట్లకు చెప్పండి. వీటి మీద మా జిల్లాలో ఎవరికి, ఏ నంబరుకి ఫిర్యాదు చేయాలో కనుక్కుని జిల్లా పేజీలో బాక్స్ కట్టి వేయండి.

ఇట్లు,
మెడికల్ షాపు నడుపుకునే ఒక పాఠకుడు,
పాలకొల్లు