వ్యంగ్య పాటలో మాట వినపడాలి

సంపాదకులకు నమస్కారం.

భూకబ్జాలు, ఇసుక దోపిడీ, అధిక వడ్డీల మీద మన అనంతపురం కుర్రాళ్లు వ్యంగ్య పాటల వీడియోలు తీయడం ఎంతో అవసరమైన పని. అయితే చాలావాటిలో మాట వినపడదు. డప్పు పక్కనే ఫోన్‌తో రికార్డు చేస్తే, దెబ్బ పడినప్పుడల్లా ఫోన్ తనంతట తానే శబ్దం తగ్గిస్తుంది, గొంతూ అణిగిపోతుంది. గదిలో దుప్పట్లు కట్టి, మైకు జానెడు దూరంలో పెట్టి గొంతును విడిగా, డప్పును విడిగా తీసుకోవాలి. తర్వాత ఆ పాటను స్పీకర్‌లో వినిపిస్తూ చిత్రీకరించాలి. కెమెరాను సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేము వెలుగు పట్టే సమయం) సెకనులో 1/50వ వంతు దగ్గర స్థిరంగా పెడితే మన 50 హెర్ట్జ్ కరెంటు కింద ట్యూబులైట్లు మినుకుమినుకుమనవు.

అసలు లోపం వేరే ఉంది. లోభి వేషానికి అద్దె కారు, మెడనిండా గొలుసులు, స్లో మోషన్ నడక పెడితే చూసేవాడికి ఏవగింపు రాదు, ఆశ పుడుతుంది. కెమెరా అతని వెనక కాదు, అతని ముందు చేతులు కట్టుకున్న రైతు వెనక ఉండాలి. కదిరి దగ్గరి కటారుపల్లెలో సమాధి ఉన్న వేమన లోభిని నాలుగు పాదాల ఆటవెలది పద్యంలోనే దులిపేశాడు. మనకు పది చరణాలు ఎందుకు?

సినిమా వరస వాడితే కాపీరైట్ క్లెయిము వస్తుంది, కోలాటం వరసలు చాలు. నోట్లు వెదజల్లే దృశ్యానికి అసలు నోట్లను పోలిన కాగితాలు అచ్చు వేయించకండి. భారతీయ న్యాయ సంహిత 182వ సెక్షన్ కింద అది నేరం. రంగు కాగితాల మీద ఆ లోభి బొమ్మ వేయించండి.

– కొందరు పాటగాళ్లు, అనంతపురం