తెడ్డు తెచ్చిచ్చి, తాళ్ళు కట్టడం నేర్పిన అన్నకు

పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. టెక్సస్‌లో గాల్వెస్టన్ వైపు కయాక్‌లో (తెడ్డుతో నడిపే చిన్న పడవలో) చేపలకు వెళ్ళే మనవాళ్ళలో కొంతమంది ఎవరో గుర్తుపడతారు. అన్నా, ఇది మీకే.

ఏప్రిల్‌లో గాల్వెస్టన్ ఐలాండ్ స్టేట్ పార్క్ దగ్గర, బే (అఖాతం) వైపు దిగాను. పొద్దున్న కదలకుండా ఉన్న నీళ్ళు పదయ్యేసరికి గాలికి లేచాయి. వెనక ఉన్న డబ్బా కోసం ఒళ్ళు తిప్పానో లేదో కయాక్ బోల్తా పడింది. నడుములోతు నీళ్ళే, లైఫ్ జాకెట్ ఉంది, నాకేం కాలేదు. కానీ ఆ బురద నీళ్ళలో అడుగు కనిపించదు. రెండు గాలం రాడ్లు, ప్లయర్స్, మూత ఊడిన ఎరల డబ్బా అన్నీ పోయాయి, వాటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది తెడ్డు, అది గాలివాటున దూరంగా పోతుంటే బురదలో కాళ్ళు దిగబడి, ఆయిస్టర్ గుల్లలు గీరుకుంటూ దాని వెనక పడలేక నిలబడిపోయాను. మీరు మీ చేపలాట మానేసి వెళ్ళి దాన్ని తెచ్చిచ్చారు, నన్ను ఒడ్డు దాకా దింపారు.

అక్కడితో ఆపినా చాలేది. మరుసటి ఆదివారం తాడు చుట్ట పట్టుకుని మా గరాజ్‌కి వచ్చారు, రెండు గంటలు కూర్చున్నారు.

పడవ బోల్తా పడినా రాడ్లూ తెడ్డూ పోకుండా వాటిని కయాక్‌కి కట్టే తాళ్ళు ఎలా చేయాలో మీరు చూపించింది అందరికీ పనికొస్తుందని రాస్తున్నా. 550 పారాకార్డ్ (సన్నటి గట్టి నైలాన్ తాడు) లోపలి 7 పోగులూ లాగేస్తే ఖాళీ తొడుగు మిగులుతుంది. మూడడుగుల తొడుగులోకి రెండడుగుల సన్నటి ఎలాస్టిక్ తాడు ఎక్కించి రెండు చివర్లూ కలిపి ముడేస్తే, మామూలుగా కుచ్చులా దగ్గరకొచ్చి కాళ్ళకు అడ్డం పడదు, లాగితే మూడడుగులూ సాగుతుంది, ఆపైన బరువంతా తొడుగే మోస్తుంది, రబ్బరు తెగదు. కోసిన కొసలు లైటర్‌తో కరిగించాలి. రాడ్‌కి జారుముడి వద్దు, బౌలైన్ (జారని ఉచ్చుముడి) వేయమన్నారు, ఎంత లాగినా బిగుసుకోదు, విప్పడం తేలిక. తాడు తగిలించే క్లిప్పు కొక్కేలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే కొనాలి, పూత పూసినవి ఉప్పునీళ్ళకు తుప్పు పట్టి సరిగ్గా కావలసినప్పుడు తెరుచుకోవు.

మీరు గట్టిగా చెప్పిన మాట ఒకటుంది: ఏ తాడూ మన ఒంటికి కట్టుకోకూడదు, లైఫ్ జాకెట్ మీద చేతికందేలా కత్తి ఉండాలి. అలలు విరిగే చోట ఒడ్డుకొచ్చేటప్పుడు రాడ్లు విప్పి లోపల పెట్టేయాలి, లేకపోతే తాళ్ళే మనల్ని చుట్టేస్తాయి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని నేనూ బతిమాలుతున్నాను.

తర్వాత మీరు పక్కనుండగా మోకాలిలోతులో కావాలనే కయాక్ బోర్లించాం. ఒక్క వస్తువూ పోలేదు, కానీ రెండు రాడ్ల తాళ్ళు ఒకదానికొకటి మెలిపడ్డాయి. అందుకే ఒకటి పొట్టిగా చేసి, రెండోదాన్ని అవతలి పక్క కట్టాను.

మొన్న శనివారం మంచి రెడ్‌ఫిష్ పడింది. వల అందుకునే హడావిడిలో ఒళ్ళో తెడ్డు నీళ్ళలోకి జారింది. నేను చూడను కూడా చూడలేదు. చేపను లోపలికి తీసుకుని తిరిగి చూస్తే తెడ్డు తాడుకి పక్కనే తేలుతూ ఉంది. అప్పుడు మీరే గుర్తొచ్చారు అన్నా, కళ్ళు తడిశాయి.

మీ తాడులో మిగిలిన ముక్కలతో మీకూ నాలుగు చేశాను, ముడులు ఒకసారి లాగి చూడండి. వచ్చే వారం తెస్తాను. వదినగారికి నమస్కారాలు చెప్పండి.