కణితి చరిత్ర చదవబోయే మా అమ్మాయికి

చిట్టితల్లీ,

పీహెచ్‌డీకి కాన్సర్ జీనోమిక్స్, అందులోనూ కణితుల పరిణామం తీసుకున్నావని తెలిసి చాలా సంతోషపడ్డాను. ఈ రంగంలో అందరి చూపూ చివర్లో గీసే వంశవృక్షం మీదే, అంటే కణితిలో ఏ కణాల గుంపు ఏ గుంపు నుంచి పుట్టిందో చూపే చెట్టు మీదే ఉంటుంది. ఆ చెట్టును నమ్మొచ్చో లేదో మాత్రం శాంపిల్ తీసిన రోజే సగం తేలిపోతుంది. అందుకే ముందు శాంపిల్ సంగతి, ఆ తర్వాత అంకెల సంగతి రాస్తాను.

కాన్సర్ ఒకే కణం నుంచి మొదలై, మ్యుటేషన్లు (డీఎన్ఏలో మార్పులు) పోగేసుకుంటూ పోతుందని, ఒకే కణం నుంచి పుట్టిన కణాల గుంపుల్లో, అంటే క్లోన్లలో, నెగ్గినవి విస్తరిస్తాయని కాన్సర్ శాస్త్రవేత్త పీటర్ నోవెల్ 1976లోనే రాశారు. 2012లో కాన్సర్ పరిశోధకుడు చార్లెస్ స్వాంటన్ బృందం కిడ్నీ కణితిలో వేర్వేరు చోట్ల ముక్కలు తీసి సీక్వెన్స్ చేసింది, అంటే వాటి డీఎన్ఏ అక్షరాలు చదివింది. మ్యుటేషన్లలో సుమారు మూడింట రెండు వంతులు అన్ని ముక్కల్లోనూ కనిపించలేదు. కాబట్టి ఒక్క బయాప్సీ చూసి ‘ఈ మ్యుటేషన్ కణితి అంతటా ఉంది’ అని ఎప్పుడూ రాయకు. ఆ ముక్కలో ఉందని మాత్రమే నీకు తెలుసు.

ఇక అంకెలు. కొత్తవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే. రీడ్స్‌లో, అంటే యంత్రం చదివిన డీఎన్ఏ తునకల్లో, మ్యుటేషన్ 30 శాతం కనిపిస్తే, 30 శాతం కణాల్లో ఉందనుకుంటారు. లెక్క వేసి చూడు. శాంపిల్‌లో కాన్సర్ కణాలు 60 శాతం, మిగతా 40 శాతం మామూలు కణాలు అనుకో. జీనోమ్‌లో ఆ చోట అన్ని కణాలకూ రెండేసి కాపీలు ఉండి, మ్యుటేషన్ కాన్సర్ కణాలన్నిటిలోనూ ఒక కాపీ మీద ఉంటే, రీడ్స్‌లో వచ్చేది సరిగ్గా 30 శాతం. అంటే అది అన్ని కాన్సర్ కణాల్లోనూ ఉన్నట్టే. అదే చోట కాన్సర్ కణాల్లో కాపీలు నాలుగైతే, మొత్తం కాపీలు 0.6ని 4తో, 0.4ని 2తో గుణించి కూడితే 3.2. మ్యుటేషన్ ఒక కాపీ మీదే ఉంటే 0.6ని 3.2తో భాగించాలి, 19 శాతం లోపే వస్తుంది. కాపీలు పెరగకముందే వచ్చిన మ్యుటేషనైతే రెండు కాపీల మీద ఉండొచ్చు, అప్పుడు 37.5 శాతం. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఈ తేడాలోంచే బయటికొస్తుంది. నాకైతే ఈ రంగంలో అన్నిటికన్నా అందమైన లెక్క ఇదే. ప్యూరిటీ (శాంపిల్‌లో కాన్సర్ కణాల శాతం), కాపీ నంబర్ (ఆ చోట ఉన్న కాపీల సంఖ్య) తప్పుగా అంచనా వేశావా, అన్ని కాన్సర్ కణాల్లో ఉన్న మ్యుటేషన్ కొత్త సబ్‌క్లోన్ వేషం, అంటే కొన్ని కణాల్లోనే ఉన్న చిన్న గుంపు వేషం, వేసుకొస్తుంది.

డెప్త్, అంటే ఒక్కో చోటును ఎన్ని రీడ్స్ చదివాయన్నది, కూడా చూసుకో. 100 రీడ్స్ డెప్త్‌లో 5 శాతం మ్యుటేషన్‌కు సగటున వచ్చేవి 5 రీడ్స్. కనీసం 5 ఉండాలని ఫిల్టర్ పెడితే పదింట నాలుగు సార్లకు పైగా అది జారిపోతుంది. పక్క ముక్కలో కనిపించలేదంటే అక్కడ లేదని కాదు, దొరకలేదేమో. ఒక ముక్కలో దొరికిన ప్రతి మ్యుటేషన్‌కూ మిగతా ముక్కల్లో రీడ్స్ మళ్ళీ లెక్కించు. కణితి క్రోమోజోమ్ ముక్కను పోగొట్టుకుంటే దాని మీది మ్యుటేషన్ కూడా పోతుంది. అలాంటి కొమ్మ ఆ మ్యుటేషన్ ఎన్నడూ లేనట్టే కనిపిస్తుంది. చెట్టు గీసే చాలా పద్ధతులు ఒకసారి వచ్చిన మ్యుటేషన్ పోదనే అనుకుంటాయి. ఇక్కడ అవి తప్పుదోవ పట్టిస్తాయి.

ఫార్మలిన్‌లో పెట్టి పారఫిన్ దిమ్మ చేసిన శాంపిల్ వస్తే జాగ్రత్త. డీఎన్ఏ అక్షరాల్లో ఒకటైన సైటోసిన్ (సి) అమైన్ గుంపు పోగొట్టుకుని యురాసిల్ అవుతుంది. సీక్వెన్సింగ్‌లో అది సి నుంచి టీకి మారినట్టు చదువుతారు, తక్కువ శాతంలో వేల సంఖ్యలో. యురాసిల్‌ను తొలగించే ఎంజైమ్ వేస్తే చాలావరకు తగ్గుతాయి. కానీ మిథైల్ ఉన్న సైటోసిన్ నేరుగా థైమిన్ (టీ) అయిపోతుంది కాబట్టి ఆ ఎంజైమ్ దాన్ని పట్టుకోలేదు. ఆ మిగిలినవి వయసుతో వచ్చే మ్యుటేషన్ల తీరునే పోలి ఉంటాయి. వీలైతే ఫ్రోజెన్ టిష్యూ అడుగు.

పోల్చడానికి నార్మల్ శాంపిల్ తప్పనిసరి. సాధారణంగా రక్తం వాడతారు. పెద్దవయసు వాళ్ళ రక్తంలో కొన్ని క్లోన్లు సొంతంగా పెరిగి ఉంటాయి, ఆ రక్తకణాలు కణితిలోకీ చేరతాయి కాబట్టి వాటి మ్యుటేషన్లు కణితివేనని పొరబడకు. రక్తకాన్సర్‌లో రక్తమే కణితి కాబట్టి చర్మం నుంచి తీసిన కణాలు మేలు. కణితి పక్కనున్న టిష్యూను నార్మల్‌గా వాడితే, అందులో నాలుగు కాన్సర్ కణాలున్నా నిజమైన మ్యుటేషన్లు పుట్టుకతో వచ్చినవని కొట్టివేతకు గురవుతాయి.

ఒకే రోగివని రాసిన శాంపిళ్ళు నిజంగా ఒకే మనిషివా కాదా అన్నది పుట్టుకతో వచ్చే ఎస్‌ఎన్‌పీలతో (మనిషికీ మనిషికీ మధ్య ఉండే ఒక్క అక్షరపు డీఎన్ఏ తేడాలతో) సరిచూసే దాకా ఏ విశ్లేషణా మొదలుపెట్టకు. లేబుల్ తారుమారైన శాంపిల్ గొప్ప కొత్త కొమ్మలా కనిపించి నెలల తరబడి తిప్పుతుంది.

మొదటి ఏడాది పాథాలజిస్టు పక్కన కూర్చుని స్లైడ్లు చూడు. స్లైడ్‌లో ఆయన అంచనా వేసిన కణితి శాతానికీ, నీ ప్రోగ్రామ్ ఇచ్చిన ప్యూరిటీకీ బాగా తేడా వస్తే ఆగి కారణం వెతుకు. కోడ్ ఎలాగూ నేర్చుకుంటావు. ప్రాజెక్టు ఎంచుకునేటప్పుడు చికిత్సకు ముందూ, జబ్బు తిరగబెట్టాకా రెండు శాంపిళ్ళూ ఉన్న రోగుల సమూహాన్నే అడుగు. మందును ఓడించిన క్లోన్ ముందే ఉందా, తర్వాత పుట్టిందా అన్నది అక్కడే తేల్చగలవు.

మీ ల్యాబ్‌లో నార్మల్‌గా ఏం తీసుకుంటున్నారో, ఎంత డెప్త్ పెడుతున్నారో ఈసారి రాసేటప్పుడు తప్పకుండా రాయి.

అమ్మ