నొప్పి తెలియని కాలికి ‘నొప్పి వస్తే ఆపండి’ అన్న మీ బూటు గురించి ఫిర్యాదు

వరంగల్,
18 ఫిబ్రవరి 2025

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. జనవరి 6న మీ వెబ్‌సైట్‌లో ఒక వాకింగ్ బూటు (అరికాలి పుండు మీద బరువు పడకుండా వేసుకునేది), ఒక వాకర్ కొన్నాను. బూటుకు 4,800, వాకర్‌కు 1,450 రూపాయలు కట్టాను. వాకర్ ఒక కాలి బటన్ సరిగ్గా కూర్చోక ఊగుతోందని ఫోన్ చేస్తే నాలుగో రోజుకే మార్చి ఇచ్చారు. దాని మీద నాకు పేచీ లేదు. నా గోడంతా బూటు గురించే.

నేను ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక అడ్తి (కమీషన్ వ్యాపారం) దుకాణంలో గుమాస్తాను. షుగర్ వచ్చి 16 ఏళ్లు. పాదాలకు స్పర్శ పోయింది. డాక్టరమ్మ సన్నటి నైలాన్ పోగుతో అరికాలి మీద అక్కడక్కడా ఒత్తి ‘తెలుస్తోందా?’ అని అడిగితే, ఇంకా మొదలే పెట్టలేదేమో అనుకున్నాను. మొన్న పత్తి సీజన్‌లో చెప్పులో కంకర రాయి దూరితే దాంతోనే పొద్దంతా తిరిగాను. ఇంటికొచ్చి చెప్పు విప్పితే గానీ తెలియలేదు. కుడి బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు, పుండు పడింది.

మందులు, డ్రెస్సింగ్, షుగర్ కంట్రోల్ అన్నీ ఉండాల్సిందే గానీ, ఆ చోట బరువు పడినన్నాళ్లు పుండు మానదని డాక్టరమ్మ చెప్పింది. అడుగు వేసినప్పుడల్లా కొత్తగా వస్తున్న కండ నలిగిపోతుందట. మోకాలి దాకా, విప్పడానికి వీల్లేని కట్టు వేయించుకోమంది. విప్పే వీలుంటే ఇంట్లో విప్పేసి తిరుగుతారు, మీ అందరి సంగతీ నాకు తెలుసు అని నవ్వింది కూడా. మిర్చి సీజన్ మొదలవుతోంది, వారం వారం కట్టు మార్పించుకోవడానికి సెలవు దొరకదని నేనే బూటు అడిగాను. పడుకున్నప్పుడు తప్ప విప్పనని మాటిచ్చాను, తప్పలేదు. అర్ధరాత్రి లేచినా బూటు బిగించుకుని, వాకర్ పట్టుకునే బాత్‌రూమ్‌కు పోయాను. మూడు వారాల్లో రూపాయి బిళ్ళంత పుండు చింతగింజంత అయింది. బరువు తప్పించే పని మీ బూటు బాగానే చేసింది, ఆ మాట ఒప్పుకుంటాను.

జనవరి 30 రాత్రి మా ఆవిడ ఉతకడానికి సాక్స్ తీసి, దీపం కింద పట్టుకుని, ‘ఇదేందయ్యా, గింత రక్తం అంటింది, నీకు తెల్వలేదా?’ అంది. తెలియలేదు. లోపలి వైపు చీలమండ ఎముక మీద చర్మం లేచిపోయి ఉంది. ఆమె బూటులో చెయ్యి పెట్టి తడిమింది. సరిగ్గా అక్కడే, రెండు స్పాంజి ముక్కలు కలిసే చోట, జొన్నగింజంత కుట్టు ముడి. దారం కొస బిరుసుగా నిలబడి ఉంది. ఆమె వేలికి గుచ్చుకుంది. నా కాలికి ఎన్నాళ్లుగా రాసుకుంటోందో నాకు తెలియదు. రోజూ అద్దం పెట్టి అరికాలు చూసుకునేవాణ్ణి గానీ చీలమండ చూడలేదు, ఆ తప్పు నాది.

మర్నాడు మీకు ఫోన్ చేస్తే, ‘నొప్పి వచ్చినప్పుడే వాడకం ఆపాల్సింది సార్, బుక్‌లో ఉంది కదా’ అన్నారు. వాడిన బూటు కాబట్టి రిటర్న్ లేదన్నారు. బుక్ తీసి చూశాను. ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో, నొప్పిగా ఉంటే ఆపి డాక్టరును కలవమని ఉంది. డబ్బా మీద మాత్రం షుగర్ పుండ్లకు అని పెద్దక్షరాలు. నొప్పి తెలిసే కాలైతే కంకర రాయితో పొద్దంతా ఎందుకు తిరుగుతాను? కాలు విరిగినవాళ్ల కోసం రాసిన బుక్కునే మాకూ పెట్టి పంపారని నా అనుమానం.

ఇంకొకటి. మీ బూటు వేసుకుంటే కుడికాలు అంగుళంన్నర లేస్తుంది. ఎడమ కాలికి ఎత్తు చెప్పు కావాలని డబ్బా మీద లేదు, బుక్‌లో లేదు. వారం రోజులు కుంటుతూ నడిచి నడుము పట్టేసింది, ఒకసారి గడప దగ్గర తూలాను కూడా. చివరికి హన్మకొండ చౌరస్తా దగ్గర చెప్పులు కుట్టే ఆయన ఎడమ చెప్పు కింద రబ్బరు అట్ట అంటించి 60 రూపాయలు తీసుకున్నాడు.

ఇప్పుడు డాక్టరమ్మ చెప్పినట్టే కట్టు వేయించుకున్నాను. రెండు పుండ్లకు డ్రెస్సింగ్. దుకాణానికి 12 రోజులు పోలేదు, జీతం పోయింది.

బూటు డబ్బులు వాపసు ఇవ్వండి. కొత్త పుండు డ్రెస్సింగ్‌కు అయిన 2,350 రూపాయలు కూడా ఇవ్వండి, బిల్లులున్నాయి. లోపలి కుట్టు బయటి వైపుకు మార్చండి, లేదా దాని మీద మెత్తటి గుడ్డ వేయండి. బుక్‌లో ఆ నొప్పి మాట పక్కనే, వేసుకునే ముందు బూటు లోపల చేత్తో తడమాలని, పొద్దున, రాత్రి పాదమంతా చీలమండల దాకా ఇంకొకరితో చూపించుకోవాలని తెలుగులో రాయండి. దానికి ఒక్క పేజీ చాలు.

15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయిస్తాను, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాను. ఐదు లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు లేదని మా సేటు చెప్పాడు.

బిల్లులు, కుట్టు ముడి పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటో జత చేశాను. బూటు, ఆ సాక్స్ అలాగే కవర్లో కట్టి పెట్టాం, ఉతకలేదు. మీ మనిషిని పంపితే చూపిస్తాం. ఆదివారమైతే యార్డుకు సెలవు, ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
మీ కస్టమర్,
ఎనుమాముల, వరంగల్