ఉన్నవ వారి బడిని కూడా తలచుకుందాం

సంపాదకులు గారికి,

నమస్కారములు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారిని గురించి మీ పత్రిక గత ఆదివారం ప్రచురించిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. మా ప్రాంతంలో ఆయన పేరు వినపడడమే అరుదు కనుక ముందుగా మీకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. అయితే ఆ వ్యాసం ఆయనను మాలపల్లి నవల రాసిన రచయితగా పరిచయం చేసి, జైలుకు వెళ్లిన సంగతిని ఒక్క వాక్యంలో దాటించి, గుంటూరులో ఆయన నెలకొల్పిన శారదా నికేతనం పేరైనా తలవకుండా ముగిసింది. ముప్పై రెండు సంవత్సరాలు విజయనగరం జిల్లా ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నాకు ఇది చిన్న లోపంగా తోచలేదు. ఆ బడిని పక్కన పెడితే ఆ పుస్తకం కూడా సగమే అర్థమవుతుందని నా నమ్మకం.

ఉన్నవ వారు 1877 డిసెంబరు 4న గుంటూరు జిల్లా వేములూరుపాడులో పుట్టారు. నవల రాయడానికి ఇరవై ఏళ్ల ముందే, 1902లో, గుంటూరులో వితంతువుల కోసం శరణాలయం ప్రారంభించారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. పసితనంలో పెళ్లయి, పసితనంలోనే భర్తను పోగొట్టుకున్న ఆడపిల్లల దుఃఖాన్ని మా విజయనగరంలో గురజాడ అప్పారావు గారు కన్యాశుల్కం నాటకంగా 1892లో రంగస్థలం మీద చూపించారు. ఇక్కడ నాటకంలో కన్నీరు పెట్టించిన ఆ పిల్లలకే అక్కడ గుంటూరులో ఒక యువకుడు నీడ చూపించి, వీరేశలింగం గారి బాటలో పునర్వివాహాలు చేయించడానికి పూనుకున్నాడు. ఈ పనులన్నిటిలో ఆయన భార్య లక్ష్మీబాయమ్మ గారిది సమానమైన పాలు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లిన ఆ తల్లిని భర్త పేరు వెనక ఒక మాటగా చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. ఆమె మీద విడిగా ఒక వ్యాసం రావాలి.

తరువాత ఆయన ఐర్లండు వెళ్లి డబ్లిన్‌లో బారిస్టరు చదివారు. ఐరిష్ ప్రజలు తమ స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న రోజులవి. తిరిగి వచ్చి, సహాయ నిరాకరణోద్యమం రాగానే ప్రాక్టీసు వదులుకున్నారు. 1921లో పల్నాడు రైతులు అడవిలో పశువులు మేపుకొన్నందుకు ప్రభుత్వం వసూలు చేసే పుల్లరిని కట్టబోమని ఎదురు తిరిగినప్పుడు వారి పక్షాన నిలిచి జైలు పాలయ్యారు. ఆ పోరాటంలోనే 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకులకు బలి అయ్యారు. అడవి అంచున బతికేవాడికి పుల్లరి అంటే ఏమిటో, ఫారెస్టు వారి అదలింపు అంటే ఏమిటో సీతంపేట, పార్వతీపురం కొండల సవర, జాతాపు గిరిజన రైతులకు ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. కనుక పల్నాటి కథ మనకు దూరపు కథ కాదు.

ఆ జైలులో రాసినదే మాలపల్లి. రామదాసు అనే దళిత రైతు కుటుంబం చుట్టూ అల్లిన కథ అది. ఆయన కొడుకు సంగదాసు పాలేర్ల పక్షాన నిలబడతాడు. పాలేర్లకు గింజల రూపంలో ఇచ్చే కూలిని, ధాన్యం ధర పెరగగానే, డబ్బు రూపంలోకి మార్చాలని ఆసామి చూస్తే సంగదాసు కాదంటాడు. చివరకు ఆ ఆసామి చౌదరయ్య చేతి దెబ్బకే ప్రాణం విడుస్తాడు. ఈ గింజల కూలి, డబ్బు కూలి తగాదా నాకు పుస్తకంలోనే మొదటిసారి ఎదురైనది కాదు. మా తాతగారు ఒక ఆసామి ఇంట కంబారిగా, అంటే మా వైపు మాటలో పాలేరుగా, పనిచేసినవారు. ఏడాది పొడుగునా చాకిరీ చేసి, కళ్లంలో కుంచాలు కొలిచేవేళ ఆసామి మాట మార్చిన సంవత్సరాల గురించి ఆయన చెబుతుంటే వింటూ పెరిగాను. నవల చదువుతున్నప్పుడు గుంటూరు మాటల మధ్య నాకు మా తాతగారి గొంతు వినబడింది. పాలేరు అన్నచోట కంబారి అని మనసులోనే మార్చుకుని చదువుకున్నాను. ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు, ప్రజలు మాట్లాడే భాషే పుస్తకాలలోకి రావాలని ఎందుకు అంత పట్టుబట్టారో ఒక నవల చేతిలో పట్టుకుని తెలుసుకోవాలంటే అది మాలపల్లే.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు శనివారం చివరి పీరియడులో తొమ్మిదో తరగతి వారికి ఈ నవలలో కొన్ని పుటలు చదివి వినిపించేవాడిని. సంగదాసు చనిపోయే ఘట్టం చదివిన రోజున గది నిశ్శబ్దమైపోయింది. వెనక బల్ల మీద కూర్చునే ఒక పాప లేచి, ‘‘కూలి కోసం అడిగినందుకే చంపేసినారా మేస్టారూ?’’ అని అడిగింది. ఆ పాప తల్లిదండ్రులు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని విజయవాడలో భవన నిర్మాణ పనికి వలస వెళ్లి ఉన్నారు. పాప అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకునేది. నేను ఇచ్చిన జవాబు నాకే చాలలేదు. ఆ మరుసటి శనివారం ఎవరూ చెప్పకుండానే పిల్లలు ఆ పీరియడు కోసం ఎదురు చూశారు. పరీక్షలో రాని పాఠం కోసం పిల్లలు అలా కాచుకుని కూర్చోవడం నా ఉద్యోగ జీవితంలో అరుదుగా చూశాను.

ప్రభుత్వం ఈ పుస్తకానికి ఎంత భయపడిందో మీ వ్యాసంలో రాలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను. 1922లో అచ్చయిన నవలను మరుసటి సంవత్సరమే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1928లో కొన్ని భాగాలు మార్చిన మీదట ప్రచురణకు అనుమతి దొరికింది. 1936లో ఆంధ్ర విశ్వవిద్యాలయం దీనిని పాఠ్యగ్రంథంగా ఎంచుకున్నప్పుడు మళ్లీ నిషేధం వచ్చి, పాఠ్యప్రణాళిక నుంచి తొలగించవలసి వచ్చింది. 1937లో రాజగోపాలాచారి గారి మంత్రివర్గం వచ్చాకే ఆ ఉత్తర్వులు రద్దయ్యాయి. మన ఉత్తరాంధ్ర విద్యార్థుల చేతికి అందబోయి వెనక్కి లాగబడిన పుస్తకమని నేను దీనిని తలచుకుంటూ ఉంటాను.

ఇప్పుడు శారదా నికేతనం మాట. నవల అచ్చయిన 1922లోనే ఉన్నవ దంపతులు గుంటూరులో ఆడపిల్లల కోసం ఆ విద్యాసంస్థను స్థాపించారు. చదువుతోపాటు బతుకుతెరువు చూపే వృత్తి విద్యలు కూడా అక్కడ నేర్పారు. ఒకే సంవత్సరంలో, జైలు జీవితం వెన్నంటే, పాలేరు పక్షాన పుస్తకమూ ఆడపిల్ల పక్షాన బడీ వచ్చాయి. ఇవి రెండు వేరు వేరు పనులుగా నాకు కనబడవు. చదువు లేని కారణంగా కూలివాడు లెక్కలో మోసపోతాడని, చదువూ చేతిపనీ లేని కారణంగా ఆడది ఇంకొకరి గుమ్మం పట్టుకుని వేలాడవలసి వస్తుందని ఎరిగిన మనిషి ఒకచోట కథ రాశాడు, మరొకచోట బడి కట్టాడు. 1958 సెప్టెంబరు 25న కన్నుమూసేనాటికి ఆయన పేరు నవలతోనే ముడిపడిపోయింది. ఆయనను తలచుకునే సభలలో దండలు పడేది నవలాకారుడికే తప్ప ఉపాధ్యాయుడికి కాదు. ఉపాధ్యాయ వృత్తిలో జీవితం గడిపినవాడిగా ఇది నాకు బాధ కలిగిస్తుంది.

ఈ ఉత్తరం రాయడానికి మరొక కారణం ఉంది. మీ వ్యాసం చదివిన తరువాత మాలపల్లి సంపూర్ణ ప్రతి కోసం మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలోని నాలుగు శాఖా గ్రంథాలయాలకు వెళ్లాను. ఏవి అన్నది ఇక్కడ చెప్పను, ఎందుకంటే అక్కడి సిబ్బంది మంచివారు, పుస్తకాల కొనుగోలు వారి చేతిలో లేదు. రెండు చోట్ల పుస్తకం లేదు. ఒక చోట సంక్షిప్త ప్రతి ఉంది. నాలుగో చోట ఉన్న ప్రతికి చివరి పుటలు లేవు. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం. ఆ సొమ్ములో నుంచి మండలానికి ఒక సంపూర్ణ ప్రతి కొనడం శ్రీకాకుళం, విజయనగరం జిల్లా గ్రంథాలయ సంస్థలకు భారం కాదని నా మనవి. పోటీ పరీక్షల పుస్తకాలు కొనవద్దని నేను అనడం లేదు. వాటికోసం వచ్చే యువకులు, యువతులు ఎంత కష్టపడుతున్నారో నాకు తెలుసు. వారి బల్ల మీదే ఈ పుస్తకానికి కూడా చోటు దొరకాలని కోరుతున్నాను.

జిల్లా విద్యాశాఖాధికారులకు కూడా ఒక విన్నపం. డిసెంబరు 4న ఉన్నత పాఠశాలల్లో పటానికి పూలదండ వేసి ప్రసంగాలు పెట్టే బదులు, తెలుగు ఉపాధ్యాయులు ఒక పీరియడు మాలపల్లి నుంచి చదివి వినిపించి, ఆ తరువాత శారదా నికేతనం గురించి, లక్ష్మీబాయమ్మ గారి గురించి పిల్లలకు చెప్పే ఏర్పాటు చేయాలి. ఆ రోజుకు ముందే వీరిద్దరి విద్యాసేవ మీద మీ పత్రికలో మరొక వ్యాసం వస్తే ఉపాధ్యాయులకు చేతికింద ఉంటుంది. ఏ పాఠశాలలోనైనా చదివి వినిపించడానికి మనిషి కావాలంటే కబురు చేస్తే చాలు, నా దగ్గరున్న ప్రతి పట్టుకుని నేను వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
విజయనగరం జిల్లా