రొయ్యల గుంటల కాపలాదారులకు పగటి నిద్ర ఎందుకు చాలడం లేదు

సంపాదకులకు,

అయ్యా,

మా నెల్లూరు జిల్లాలో విడవలూరు, అల్లూరు తీరం వెంబడి రొయ్యల గుంటలున్న ఊళ్లలో ఉదయం పదింటప్పుడు తిరిగితే, కిటికీకి దుప్పటి అడ్డం కట్టుకొని పడుకున్న మనుషులు చాలా ఇళ్లలో కనిపిస్తారు. రాత్రంతా గుంట గట్టు మీద కాపలా ఉండి, నీటిలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోకుండా, కరెంటు పోతే జనరేటర్ వేస్తూ తెల్లవార్లూ మేలుకొన్నవాళ్లు వీళ్లు. తొమ్మిదింటికి పడుకొని పన్నెండు కాకముందే లేచి కూర్చుంటారు. అంత అలిసిపోయినవాడికి నిద్ర పట్టకపోవడమేమిటని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు, లేదంటే వేడి చేసిందని మజ్జిగ ఇస్తారు. జూనియర్ కళాశాలలో చాలా ఏళ్లు జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిగా దీనికి అసలు కారణం రాయడం, రైతులు సులువుగా చేయగల మార్పు ఒకటి సూచించడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మా చెల్లెలి కొడుకు రెండు పంటల కాలం ఇదే పని చేశాడు. ఒక వారం రాత్రి, మరుసటి వారం పగలు కాపలా. రెండో పంట ముగిసేసరికి వాడికి రాత్రి సెలవు దొరికినా నిద్ర రావడం మానేసింది. మందుల దుకాణంలో అడిగితే నిద్రమాత్రలు ఇచ్చారు. వాడి ఇబ్బంది మాత్రలతో తీరేది కాదని నాకు అర్థం కావడానికి కూడా కొన్నాళ్లు పట్టింది.

మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తాయి. దీన్ని ఒత్తిడి హార్మోన్ అని మాత్రమే చెప్పుకోవడం వల్ల దాని అసలు పని మరుగున పడింది. మనిషిని మెలకువకు సిద్ధం చేయడం, రక్తంలో చక్కెరను, రక్తపోటును పగటి పనికి తగినట్టు నిలపడం దాని నిత్యకృత్యం. రాత్రి నిద్రపోయేవారిలో ఇది నడిరేయికి అడుగంటుతుంది. మొదటి జాముల్లో వచ్చే గాఢనిద్ర అంత గాఢంగా ఉండడానికి ఈ తగ్గుదల తోడ్పడుతుంది. రెండు, మూడు గంటల వేళ నుంచి మళ్లీ పెరగడం మొదలై, లేచిన తరువాత 30 నుంచి 45 నిమిషాల్లో శిఖరానికి చేరుతుంది. ఆ తరువాత రోజంతా మెల్లగా దిగుతుంది. కోడి కూసే వేళకు ఒంట్లో చురుకు పుట్టడం వెనుక ఈ నాలుగో జాము పెరుగుదల కూడా ఉంది. దీన్ని నడిపించేది మెదడులో హైపోథాలమస్ లోపల ఉండే చిన్న గడియారం; దానికి వేళ తెలిపేది ప్రధానంగా కంటిలో పడే వెలుతురు. ఇలాంటి జీవగడియారం కణాల్లో ఎలా పనిచేస్తుందో కనుగొన్నందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.

రాత్రి కాపలా చేసినంత మాత్రాన ఈ గడియారం తలకిందులు కాదు. ఉదయం ఆరింటికి బండి మీద ఇంటికి వచ్చే మనిషి కళ్లలో ఎదురెండ పడుతుంది, తెల్లవారిందని మెదడు రూఢి చేసుకుంటుంది. తొమ్మిదింటికి వాడు పడుకునేసరికి కార్టిసాల్ ఇంకా ఎక్కువగానే ఉంటుంది, ఒంటి వేడి పైకి పోతుంటుంది, నిద్రకు తోడ్పడే మెలటోనిన్ అడుగున ఉంటుంది. దానికి తోడు రేకుల కప్పు కింద మే నెల ఎండ. ఇన్నిటి మధ్య మూడు గంటలు కునుకు పట్టడమే ఎక్కువ. పైగా నిద్ర చాలని మనిషికి మర్నాటి సాయంత్రం తగ్గవలసిన కార్టిసాల్ తగ్గకుండా నిలుస్తుంది. అది రాబోయే నిద్రను చెడగొడుతుంది, ఆ నిద్రలేమి దాన్ని మళ్లీ పెంచుతుంది. ఇక వారం వారం పగలూ రాత్రీ మార్చే పద్ధతిలో శరీరం కొత్త వేళకు కాస్త సర్దుకోబోయే సమయానికే వేళ మళ్లీ మారిపోతుంది. నా దృష్టిలో అన్నిటికన్నా చెడ్డ పద్ధతి అదే.

రొయ్యల రైతుకు ఇది అర్థం కాని సంగతి కాదు. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుందనీ, రాత్రి అదే నాచు ఆక్సిజన్ తీసుకుంటుందనీ, అందువల్ల తెల్లవారే ముందు గుంటలో ఆక్సిజన్ అతి తక్కువకు పడిపోతుందనీ ప్రతి రైతుకూ తెలుసు. ఆ వేళను గుర్తుపెట్టుకొనే ఏరేటర్లు తిప్పుతారు. గుంటకు ఒక రోజువారీ లయ ఉన్నట్టే గట్టు మీద కూర్చున్న మనిషికీ ఉంది.

నేను కోరుతున్న మార్పు ఇది. రాత్రిని రెండు సగాలుగా విడదీసి ఇద్దరు పంచుకోవాలి. ఎవరి సగం వారికి పంట మొదలు నుంచి రొయ్యల పట్టుబడి దాకా, మూడు నాలుగు నెలలూ మారకూడదు. బ్రిటన్‌లో మైనర్స్, వాటర్‌హౌస్ అనే శాస్త్రవేత్తలు 1981లో ప్రచురించిన పరిశోధనలో, ప్రతిరోజూ ఒకే వేళకు నాలుగు గంటల నిద్ర దొరికితే, మిగిలిన నిద్ర వేళ తప్పినా శరీర లయలు స్థిరంగా నిలబడతాయని చూపారు. తొమ్మిది నుంచి రెండు దాకా ఒకరు, రెండు నుంచి ఏడు దాకా మరొకరు కాపలా ఉంటే ఇద్దరికీ రాత్రిలో కొంత భాగం నిద్రకు మిగులుతుంది. రెండు, మూడు ఎకరాల చిన్న రైతుకు ఇద్దరు మనుషుల కూలి భారమే. పక్కపక్క గుంటలవాళ్లు కలిసి ఏర్పాటు చేసుకుంటే ఆ భారం తగ్గుతుంది. ఇంటికి వచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకోవడం, పడుకునేందుకు ఐదారు గంటల ముందే టీ ఆపడం కూడా మేలు చేస్తాయి.

ఇదే విషయానికి చెందిన మరొక మాట. మా పల్లెల్లో కీళ్ల నొప్పులకు, ఉబ్బసానికి ప్రెడ్నిసొలోన్ వంటి స్టిరాయిడ్ మాత్రలు వాడేవారు చాలామంది ఉన్నారు. ఇవి కార్టిసాల్ చేసే పనినే చేస్తాయి. రోజుకు ఒక్కసారి వాడేటప్పుడు ఉదయం ఫలహారం తరువాత వేసుకోమని వైద్యులు సాధారణంగా చెప్పేది అందుకే. రాత్రి భోజనమయ్యాక వేసుకుంటే నిద్ర చెడుతుంది. వారాల తరబడి వాడినవాటిని ఉన్నట్టుండి మానితే, అప్పటికే పని తగ్గించుకున్న అడ్రినల్ గ్రంథులు వెంటనే అందుకోలేక ప్రాణం మీదికి రావచ్చు. వేళ మార్చాలన్నా, మానాలన్నా వైద్యుణ్ణి అడిగే చేయాలి. అలాగే కార్టిసాల్ రక్తపరీక్షకు సాధారణంగా ఉదయం ఎనిమిదింటి ప్రాంతంలో నమూనా తీస్తారు కనుక, రాత్రి పని చేసేవారు ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి, లేకపోతే ఫలితాన్ని తప్పుగా చదివే అవకాశముంది.

మత్స్యశాఖ అధికారులు రైతులతో జరిపే అవగాహన సమావేశాల్లో మేత గురించి, తెల్లమచ్చ తెగులు గురించి చెబుతారు. ఆ సమావేశాలకే స్థానిక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుణ్ణి పిలిపించి, కాపలా వేళల గురించి అరగంట మాట్లాడించమని మీ పత్రిక ద్వారా జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను. వచ్చే పంటకు గుంటల్లో రొయ్య పిల్లను వదలక ముందే ఇది జరిగితే, కాపలా వేళలు నిర్ణయించుకునేటప్పుడు రైతులకు ఉపయోగపడుతుంది.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
కావలి, నెల్లూరు జిల్లా.