క్రాస్నర్ గురించి కూడా రాయండి

సంపాదకుడు గారికి,

గత ఆదివారం మీ అనుబంధంలో అమెరికన్ చిత్రకారుడు జాక్సన్ పొలాక్ మీద వచ్చిన వ్యాసం బాగుంది. కానీ లీ క్రాస్నర్‌ను ‘పొలాక్ భార్య’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేశారు. 1937లో హాన్స్ హాఫ్‌మన్ దగ్గర చేరేనాటికే ఆమె చెయ్యి తిరిగిన చిత్రకారిణి. ఆ గురువుగారు కూడా, ఇది ఆడమనిషి వేసిందంటే ఎవరూ నమ్మరని మెచ్చుకున్నారట. అదేం మెచ్చుకోలో!

1945లో పెళ్లయ్యాక దంపతులు లాంగ్ ఐలాండ్‌లోని స్ప్రింగ్స్‌కు మారారు. పెరట్లో ఉన్న పెద్ద కొట్టం పొలాక్‌కు స్టూడియో అయింది. ఆమెకు మేడమీద పడగ్గది మిగిలింది. ‘లిటిల్ ఇమేజెస్’ వరస బొమ్మలు ఆ గదిలో పట్టేంతే ఉంటాయి మరి. 1951లో న్యూయార్క్‌లోని బెట్టీ పార్సన్స్ గ్యాలరీలో సోలో ఎగ్జిబిషన్ పెడితే ఒక్కటీ అమ్ముడుపోలేదు.

ఆ తర్వాత జరిగింది మీ పాఠకులు తప్పక తెలుసుకోవాలి. స్టూడియో గోడల నిండా తగిలించిన తన నలుపు తెలుపు డ్రాయింగులు నచ్చక, ఓ రోజు అన్నీ పీకి చింపి నేలమీద పడేశారు. కొన్ని వారాల దాకా అటు వెళ్లలేదు. మళ్లీ తలుపు తీసేసరికి ఆ ముక్కల్లోనే ఏదో ఉందనిపించింది. వాటినీ, పొలాక్ వద్దని పారేసిన కాగితాలనూ, గోనెగుడ్డ పీలికలనూ తీసుకెళ్లి, అమ్ముడుపోని ఆ కాన్వాసుల మీదే అంటించారు. 1955లో స్టేబుల్ గ్యాలరీలో పెట్టిన కొలాజ్‌లు ఇలా పుట్టినవే. 1970ల్లో అయితే హాఫ్‌మన్ క్లాసులో వేసిన పాత బొగ్గు డ్రాయింగులకూ కత్తెర పెట్టారు. సొంత పని మీద ఇంత నిర్దాక్షిణ్యం నాకు పొలాక్‌లో కనబడదు.

1956లో కారు ప్రమాదంలో భర్త పోయాక గానీ ఆ కొట్టం ఆమె చేతికి రాలేదు. నిద్రపట్టని ఆ రోజుల్లో రాత్రిళ్లు పనిచేసేవారు. దీపాల వెలుగులో రంగులు వాడటం ఇష్టంలేక గోధుమ, తెలుపులతోనే పెద్దపెద్ద కాన్వాసులు వేశారు. ఆమె జీవితకాలపు పనితో పెట్టిన ప్రదర్శన న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమాకు వచ్చింది 1984 డిసెంబరులో. ఆమె చనిపోయింది అదే ఏడాది జూన్‌లో.

ఇంకో సంగతి. ఆమె వీలునామా వల్ల 1985లో ఏర్పడిన పొలాక్-క్రాస్నర్ ఫౌండేషన్ ఏ దేశపు చిత్రకారులకైనా, శిల్పులకైనా గ్రాంట్లు ఇస్తుంది. మనవాళ్లూ అప్లై చేసుకోవచ్చు. ఫ్రేముల ఖర్చుకే తడుముకునే చిత్రకారులు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. క్రాస్నర్ మీద ఒక పూర్తి పేజీ, ఆ కొలాజ్‌లు రంగుల్లో, పక్కనే దరఖాస్తు వివరాలు వేయించగలరని మనవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విజయవాడ